చెప్పుకోలేని జబ్బు – చెప్పవలసిన సంగతులు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నా ప్రసంగ విషయం "వృద్ధాప్యంలో ఆరోగ్య సమస్యలు" అని అచ్చయింది. నేను వ్రాసి ఇచ్చింది మాత్రం "పురుషులలో అంగస్తంభన లోపం – కారణాలు" అని. కార్యదర్శి గారిని నిన్న అడిగితే, ప్రెస్సులో కుర్రవాడి ముందు ఆ కాగితం పెట్టడానికి మొహమాటపడ్డానండీ అన్నారు. ఆయనను తప్పు పట్టను. నేను మొహమాటపడి కూర్చున్నది నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళ సంగతి చెప్పడానికే ఈ రోజు మైకు అడిగి తీసుకున్నాను.

మా ఇంటావిడ మూడో వరుసలో కూర్చుని ఉంది. ఇందులో ఆవిడ సంగతులు కూడా వస్తాయి కనుక ముందే అడిగాను. "డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా సిగ్గెందుకు, చెప్పండి" అంది. వైద్యం సంగతులు నా సొంతం కావు. భోజనాల తరువాత మాట్లాడబోయే డాక్టరు గారికి ఈ కాగితాలు చూపించి, తప్పులు దిద్దించుకుని చదువుతున్నాను. నేను డ్రాఫ్టు పెట్టాను, ఆయన అప్రూవ్ చేశారు అనుకోండి.

నేను 1973లో నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి 2009లో రిటైరయ్యాను. ఎక్కువ కాలం కృష్ణా డెల్టా కాలువల సెక్షనులోనే పనిచేశాను. 2001లో నాకు షుగరు ఉందని తేలింది. మాత్ర వేసుకునేవాణ్ణి, వేసుకున్నానన్న ధైర్యంతో ఆఫీసులో ఎవరికి ఇంక్రిమెంటు వచ్చినా స్వీటు తినేవాణ్ణి. రోజుకు పది సిగరెట్లు. 2007 ప్రాంతంలో, అంటే నాకు యాభై ఆరేళ్ళప్పుడు, ఈ లోపం మొదలైంది. మొదట అప్పుడప్పుడూ, ఏడాది తిరిగేసరికి ఎప్పుడూ.

నేను ఏం చేశానంటే, మంచం హాల్లోకి మార్చుకున్నాను. గురక వస్తోంది, నీ నిద్ర చెడిపోతుంది అని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ సరేనంది. ఆ తరువాత నాలుగేళ్ళు మా మధ్య ఆ మాట రాలేదు. వయసైపోయింది, ఇది మామూలే అనుకున్నాను. ఈ "వయసైపోయింది" అనే మాటతో మనవాళ్ళు ఎన్ని జబ్బుల ఫైళ్ళు క్లోజు చేస్తారో లెక్కలేదు.

వయసుకు సంబంధం లేదని నేననను. అమెరికాలో బోస్టన్ పరిసరాలలో నలభై నుంచి డెబ్భై ఏళ్ళ వయసు మగవారిని పరీక్షించి 1994లో ఒక అధ్యయనం ప్రచురించారు. నూటికి 52 మందిలో ఏదో ఒక మోతాదులో ఈ లోపం కనిపించింది. పూర్తిగా శక్తి లేనివారు నలభై ఏళ్ళ వయసులో నూటికి 5గురైతే డెబ్భై ఏళ్ళకు 15 మంది. అంటే డెబ్భై ఏళ్ళ వారిలో కూడా నూటికి 85 మందికి పూర్తిగా పోలేదన్నమాట. కేవలం వయసే కారణమైతే అందరికీ పోవాలి గదా! ఎవరికి పోతోంది, ఎందుకు పోతోంది అన్నదే అసలు ప్రశ్న.

ఇంకో మాట. దీన్ని పూర్వం నపుంసకత్వం అనేవారు. ఇంగ్లీషులోనూ అలాంటి మాటే ఉండేది. అది మనిషిని అవమానపరిచేదిగా ఉందని, జబ్బు స్వరూపాన్ని సరిగా చెప్పడం లేదని, 1992లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వారు జరిపిన నిపుణుల సమావేశం ఆ మాటను తీసివేసి 'ఎరెక్టైల్ డిస్‌ఫంక్షన్' అనే పేరును సిఫారసు చేసింది. మన తెలుగులో అంగస్తంభన లోపం అంటున్నాం. పేరు మారితే ఏమొస్తుందని మీరనవచ్చు. పాత పేరే చెప్పవలసి వస్తే నేను ఇవాళ కూడా మీ ముందు నిలబడేవాణ్ణి కాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా కాలువల సెక్షను భాషలోనే చెబుతాను, నాకు తెలిసినది అదే.

ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలితే ముందు పై భూములు తడుస్తాయి. కోడూరు, నాగాయలంక వైపు శివారు భూములకు ఆఖరున చేరతాయి. కాలువలో పూడిక పడినా, గుర్రపుడెక్క పెరిగినా మొట్టమొదట ఎండేది శివారు పొలమే. పై రైతుకు అప్పటికి ఏమీ తెలియదు. శివారు రైతు అర్జీ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చేవాడు. అది చూసి "వీడెప్పుడూ ఇంతే" అని పక్కన పెట్టిన సందర్భాలు ఉన్నాయి, నేను కూడా పెట్టాను. మరుసటి ఏడు ఆ పూడికే పైకి వచ్చి పెద్ద కాలువ కిందే గగ్గోలు పుట్టేది.

ఒంట్లో కూడా సరిగ్గా ఇదే. మనసులో కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి నరాల ద్వారా కబురు వెళుతుంది. అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుట్టి రక్తనాళాల గోడలను వదులు చేస్తుంది. రక్తం లోపలికి వచ్చి నిండుతుంది, నిండిన ఒత్తిడికి బయటకు పోయే సిరలు మూసుకుంటాయి. అంతే, తూము ఎత్తడం, నీరు నిండడం, తలుపు దించడం. ఈ వాయువు రక్తనాళాలలో ఎలా పనిచేస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. గుండె రక్తనాళాలను వదులు చేసేది కూడా ఈ వాయువే.

ఇక్కడే గుర్తుంచుకోవలసిన సంగతి ఉంది. గుండెకు రక్తం ఇచ్చే నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. పురుషాంగానికి వెళ్ళేవి ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఒంట్లో కొవ్వు పూడిక పడడం మొదలైతే అన్ని నాళాలలోనూ పడుతుంది, కానీ సన్న కాలువ ముందు మూసుకుంటుంది. అందుకని ఈ లోపం కనిపించిన రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ లోపల గుండె జబ్బు బయటపడడం చాలామందిలో చూస్తున్నారట డాక్టర్లు. అందరికీ అలా అవుతుందని కాదు. కానీ గుండె పరీక్ష చేయించుకోమని శివారు నుంచి వచ్చిన అర్జీ అది.

నాకు అర్జీ 2007లో వచ్చింది. నేను పక్కన పెట్టాను. 2011 జనవరిలో రైతు బజారు నుంచి కూరల సంచీ పట్టుకుని వస్తుంటే రొమ్ము మీద బండ పెట్టినట్లయింది. ఆటోలో వేసుకుని వెళ్ళారు. రెండు స్టెంట్లు వేశారు.

కారణాలు చెబుతానన్నాను గదా. మన వయసు వారిలో మొదటి ముద్దాయి షుగరు. 2023లో ప్రచురించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఈ హాలులో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయని నా అనుమానం, టీ దగ్గర చక్కెర లేని కప్పులు లెక్కపెట్టాను. షుగరు రెండు విధాల దెబ్బ తీస్తుంది. కాలువనూ పూడుస్తుంది, లాకుకూ లాకుకూ మధ్య కబురు తీసుకువెళ్ళే తీగెనూ తెంపుతుంది. అంటే రక్తనాళాలూ, నరాలూ రెండూ చెడతాయి. అందుకే షుగరు ఉన్నవారికి ఈ లోపం మిగతావారి కంటే పది పదిహేనేళ్ళు ముందుగా వస్తుంది. అరికాళ్ళు తిమ్మిర్లు ఎక్కేవారు దీన్ని కూడా కలిపి డాక్టరుతో చెప్పాలి, రెండూ ఒకే ఫైలు.

తరువాతిది రక్తపోటు, కొలెస్ట్రాలు, పొట్ట. వీటి గురించి మీకు కొత్తగా చెప్పేది లేదు. సిగరెట్టు గురించి మాత్రం చెబుతాను. సిగరెట్టు పట్టుకున్నవాడే మగవాడు అన్నట్లు మన కాలపు సినిమాలు చూపించాయి. ఆ పొగ నాళాల లోపలి పొరను పాడుచేసి, ఇందాక చెప్పిన వాయువు పుట్టకుండా చేస్తుంది. మగతనం కోసం కాల్చినది మగతనాన్నే కాల్చిందన్నమాట. మందు సంగతీ అంతే, ధైర్యం ఇస్తుందని కొందరంటారు, అసలు సమయానికి అది నరాలను మొద్దుబారుస్తుంది, ఏళ్ళ తరబడి తాగితే హార్మోన్లనూ దెబ్బతీస్తుంది.

ప్రోస్టేటు ఆపరేషన్ గురించి మనవాళ్ళు చాలామంది అడుగుతుంటారు. మూత్రం సాఫీగా రావడానికి లోపలి నుంచి గ్రంథిని గీకి తీసే ఆపరేషను వేరు, కాన్సరు వచ్చినప్పుడు గ్రంథిని మొత్తం తీసివేసే ఆపరేషను వేరు. రెండవదానిలో పక్కనే ఉండే నరాలకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. వెన్నుపూస దెబ్బలు, మూత్రపిండాల జబ్బు, థైరాయిడు, పురుష హార్మోను టెస్టోస్టెరోను తగ్గడం, ఇవీ కారణాలే. ఈ హార్మోను తగ్గినవారిలో కోరికే తగ్గుతుంది. కోరిక ఉండి శక్తి లేకపోవడం వేరు, కోరికే లేకపోవడం వేరు. డాక్టరు అడిగినప్పుడు ఇది తేల్చి చెప్పాలి.

మనం మింగే మాత్రలు కూడా కారణం కావచ్చు. బి.పి.కి ఇచ్చే కొన్ని పాత మందులు, నీరు లాగే కొన్ని మాత్రలు, కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందులు ఈ లోపాన్ని కలిగించగలవు. ఈ ముక్క విని ఇంటికి వెళ్ళి బి.పి. మాత్ర మానేసేవారు ఉంటారని నాకు భయం. మా సెక్షనులోనే నాతో పాటు పనిచేసిన ఒక మిత్రుడు ఎవరో చెప్పగా విని, తనంతట తానే మాత్ర ఆపాడు. ఎవరికీ చెప్పలేదు, ఎందుకు ఆపాడో చెప్పాలంటే ఇది చెప్పాలి గదా. మూడు నెలలకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కుడి చేత్తో ముత్యాల్లాంటి అక్షరాలు వ్రాసేవాడు. పింఛను కాగితాల మీద వేలిముద్ర వేయవలసి వచ్చింది. దయచేసి ఎవరూ ఆపవద్దు. ఈ మందు వల్ల ఇబ్బందిగా ఉంది, వేరేది వ్రాయండి అని అడగండి. మార్చడానికి వేరే మందులున్నాయి.

మనసు సంగతి. రిటైరైన కొత్తలో కుర్చీ పోయిన దిగులు, పిల్లల పెళ్ళిళ్ళ అప్పులు, జీవిత భాగస్వామి పోయిన ఒంటరితనం, ఇవన్నీ అక్కడ కనిపిస్తాయి. ఒకసారి విఫలమైతే మళ్ళీ ఏమవుతుందోనన్న భయమే రెండోసారి వైఫల్యానికి కారణమవుతుంది. డాక్టర్లు ఒక ప్రశ్న అడుగుతారు: తెల్లవారుజామున నిద్రలో స్తంభన కలుగుతోందా? కలుగుతుంటే కాలువ బాగానే ఉంది, ఇబ్బంది మనసులో ఉండవచ్చు. అదీ లేకపోతే నాళాలు, నరాలు చూడాలి. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

కారణం కాని దాన్ని కూడా చెప్పాలి. చిన్నతనంలో హస్తప్రయోగం చేసినందువల్ల ఇప్పుడు ఇలా అయిందని, ధాతువు పోయిందని బాధపడేవారు డెబ్భై ఏళ్ళ వయసులోనూ ఉన్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు. విజయవాడ డాక్టర్ సమరం గారు వారపత్రికలలో ఏళ్ళ తరబడి ఈ మాటే వ్రాశారు. ఆ పేజీ మనమందరం చదివాం. చదువుతుండగా ఎవరైనా వస్తే సీరియల్ పేజీకి తిప్పేశాం.

అన్నీ చదివినవాణ్ణి, నేనేం చేశాను? 2009లో గ్రాట్యుటీ, కమ్యూటేషన్ సొమ్ము చేతికొచ్చిన కొత్త. మా ఊరు బస్టాండు గోడ మీద "నరాల బలహీనతకు గ్యారంటీ చికిత్స, ప్రతి నెల మొదటి ఆదివారం" అని ఒక లాడ్జి పేరు, గది నంబరు వ్రాసి ఉంటే వెళ్ళాను. ట్రెజరీకి పని మీద వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. ఆదివారం నాడు ట్రెజరీ ఏమిటని ఆవిడ అడగలేదు. గదిలో ఉన్నాయన నాడి పట్టుకుని చూసి నలభై రోజుల కోర్సు అన్నాడు. పేరు లేదు, చీటీ లేదు, ఎర్ర కాగితంలో కట్టిన పొడి. 4,800 రూపాయలు. రసీదు అడగడం కూడా మరిచిపోయాను, ముప్పై ఆరేళ్ళు ఓచరు లేకుండా ఒక్క రూపాయి పాస్ చేయనివాణ్ణి!

రూలు ప్రకారం చెప్పాలంటే, ఇలాంటి ప్రకటనే నేరం. మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం అని 1954 నుంచి ఉంది. ఏయే జబ్బులు నయం చేస్తామని ప్రకటించకూడదో దాని షెడ్యూలులో వ్రాసి ఉంది. ఈ లోపం అందులో ఉంది, మధుమేహమూ ఉంది. చట్టం వచ్చి ఏడు దశాబ్దాలు దాటింది. గోడల మీద రంగు ఆరలేదు.

ఆ పొడిలో ఏముందో నాకు నేటికీ తెలియదు. కానీ స్టెంట్లు వేసిన ఆస్పత్రిలో చిన్న డాక్టరు ఒకాయన, మా అబ్బాయి కంటే చిన్నవాడు, మంచం పక్కన కూర్చుని "ఇంకేమైనా మందులు వాడుతున్నారా పెద్దాయనా?" అని అడిగాడు. లేదన్నాను. కాసేపు ఊరుకుని, "మగవాళ్ళు దాచే మందులేమైనా?" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఆయన ముఖం మారింది. గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలూ, వయాగ్రా జాతి మాత్రలూ ఒకేసారి ఒంట్లో కలిస్తే రక్తపోటు పాతాళానికి పడిపోయి ప్రాణం పోవచ్చు. మూలికల పొడి అని అమ్మే వాటిలో ఈ మందును చెప్పకుండా కలిపిన ఉదంతాలు చాలా బయటపడ్డాయి. తింటున్నవాడికి తాను ఏం తింటున్నాడో తెలియదు, సార్బిట్రేట్ ఇచ్చే డాక్టరుకూ తెలియదు.

వయాగ్రా గురించి దురభిప్రాయం వద్దు. అందులో మందు పేరు సిల్డెనాఫిల్. గుండెనొప్పికి పనికొస్తుందేమోనని పరీక్షిస్తుంటే ఈ గుణం బయటపడింది. 1998లో అమెరికాలో అనుమతి పొందింది. డాక్టరు చూసి ఇస్తే చాలామందికి మంచి మందే. గుండె నైట్రేట్లు వాడేవారు మాత్రం ముట్టరాదు. ఒకవేళ ఎవరైనా వేసుకుని ఉండి గుండెనొప్పి వస్తే, ఆస్పత్రిలో మొట్టమొదట ఆ మాటే చెప్పాలి. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, తడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. ప్రోస్టేటుకు టామ్‌సులోసిన్ వంటి మాత్రలు వాడేవారికి కూడా వీటితో కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది, అదీ ముందే చెప్పాలి. మందుల షాపులో పక్కనున్నవాడికి వినపడకుండా అడిగి కొనుక్కోవడం వద్దు.

ఆ రోజు డాక్టరు వెళ్ళాక మా ఆవిడ లోపలికి వచ్చింది. నేను పొడి సంగతి చెప్పాను, మంచం హాల్లోకి ఎందుకు మార్చానో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది, "2005లో నాకు గర్భసంచి తీసేశారు కదండీ. అది లేని ఆడదాన్నని మీకు నా మీద మనసు పోయిందనుకున్నాను. నాలుగేళ్ళ నుంచి అదే అనుకుంటున్నాను."

నేను గుండె ఆపరేషను కంటే ఆ మాటకు ఎక్కువ ఏడ్చాను. నాలుగేళ్ళు నా పరువు కాపాడుకుంటున్నాననుకున్నాను. ఆ ఖర్చంతా ఆవిడ ఖాతాలో వేశానని తెలియలేదు. ఇక్కడున్న సోదరీమణులలో ఎవరికైనా ఇలాంటి అనుమానం ఉంటే, దయచేసి ఒకసారి షుగరు, బి.పి. కాగితాలు తీసి చూడండి. మనిషిని అనుమానించడం తరువాత చేయవచ్చు.

ఏ పరీక్షలని అడుగుతారేమో. బి.పి., షుగరు, మూడు నెలల షుగరు సగటు, కొలెస్ట్రాలు, మూత్రపిండాలు, అవసరమైతే ఉదయం పూట టెస్టోస్టెరోను, గుండెకు ఇ.సి.జి. అంతకు మించి కావాలో వద్దో డాక్టరు చెబుతారు. ఖరీదైనది నోరు విప్పడం ఒక్కటే.

నా సంగతి చెప్పి ముగిస్తాను. సిగరెట్టు ఆస్పత్రి గేటు బయటే వదిలేశాను. రోజూ నలభై అయిదు నిమిషాలు కాలువ గట్టు మీద నడుస్తున్నాను. మూడు నెలల షుగరు తొమ్మిదిన్నర నుంచి ఏడుకు దిగింది. ఇటలీలో ఈ లోపం ఉన్న స్థూలకాయులకు ఆహార నియమాలు, వ్యాయామం చెప్పి రెండేళ్ళు చూస్తే మూడో వంతు మంది మామూలు స్థితికి వచ్చారని 2004లో ప్రచురించారు. ఆ మూడో వంతులో నేను లేను. నాకు కొంత తిరిగి వచ్చింది, పూర్తిగా రాలేదు, నేను వాడే గుండె మందుల వల్ల ఆ మాత్ర వాడే వీలూ లేదు. మంచం మాత్రం హాల్లోంచి గదిలోకి వచ్చేసింది. గురక నిజంగానే వస్తోందట, ఆవిడ ఫిర్యాదు చేస్తుంటుంది.

వేదిక పక్కన బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టించాను. అడగడానికి ఇబ్బందిగా ఉన్నవారు ప్రశ్నను చీటీ మీద వ్రాసి అందులో వేయండి. పేరు అక్కరలేదు, ఊరు అక్కరలేదు. భోజనాల తరువాత డాక్టరు గారు ఒక్కొక్కటీ తీసి జవాబు చెబుతారు. చీటీలు ఆయనే చదువుతారు, నా చేతికి రావు. అయినా ముప్పై ఆరేళ్ళు మీ నోట్ ఫైళ్ళు చూసినవాణ్ణి, దస్తూరీ గుర్తుపడతానేమోనని ఎవరికైనా శంక ఉంటే ఎడమ చేత్తో వ్రాయండి.